ముందు నియమం చెప్పు, తర్వాత లెక్క

తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. వాక్యం బాగుంది. కానీ ఒక పేరాలో టెట్రోమినోలు (నాలుగు సమాన చదరపు గడులు అంచుకు అంచు కలిసిన ఆకారాలు) 7 అన్నావు, ఆ కిందే పెంటోమినోలు (ఐదు గడులవి) 12 అన్నావు. అక్కడే ఒళ్లు మండింది.

ముక్కను తిప్పొచ్చు గానీ బోర్లించకూడదంటేనే 7 వస్తాయి. టెట్రిస్ ఆటలో అంతే. అందుకే అక్కడ ఇంగ్లీషు అక్షరాల పోలికతో పిలిచే ఎల్, జె ముక్కలు వేర్వేరు, ఎస్, జెడ్ వేర్వేరు. 12 మాత్రం బోర్లించవచ్చన్నప్పటి లెక్క. ఒకే నియమం మీద నిలబడితే 5, 12 అని రాయాలి, లేదా 7, 18 అని రాయాలి. ఆ 18 ఎలా వచ్చాయో కూడా చూపించు: ఎఫ్, ఎల్, ఎన్, పి, వై, జెడ్, ఈ ఆరు పెంటోమినోలనూ బోర్లిస్తే ఎంత తిప్పినా మొదటి ఆకారం రాదు.

పేర్లలోనూ ఇదే గందరగోళం. ఒకే ముక్క ఒకచోట ఎఫ్, ఇంకోచోట ఆర్. ఆర్ అనేది గణితవేత్త కాన్వే పెట్టిన అక్షరాల వరసలోది, ఓ నుంచి జెడ్ దాకా. 1953లో ఇలాంటి గడుల ఆకారాలన్నిటికీ పాలియోమినో అనే పేరు పెట్టిన గణితవేత్త గోలంబ్ వరసలో అది ఎఫ్. ఏదో ఒకటి పట్టుకో.

చివర పిల్లలకిచ్చిన అభ్యాసం నన్ను నిజంగా బాధపెట్టింది. ఐదు రకాల టెట్రోమినోలనూ ఒక్కొక్కటి వాడి 4×5 గడుల దీర్ఘచతురస్రం పేర్చడం కుదరదు. చదరంగం బల్లలా రంగు వెయ్యి: నల్లవి 10, తెల్లవి 10. నాలుగు ముక్కలు ఎక్కడ పెట్టినా రెండు నలుపు, రెండు తెలుపు కప్పుతాయి. టి మాత్రం ఒక రంగువి మూడు, రెండో రంగుది ఒకటి కప్పుతుంది. మొత్తం 11, 9 అవుతుంది తప్ప 10, 10 కాదు. ఈ సంగతి తెలియని పిల్ల గంటలకొద్దీ కూర్చుని, తనకే చేతకాలేదనుకుంటుంది. ముక్కలు కత్తిరించి, నువ్వు పేర్చి చూడకుండా ఏ అభ్యాసమూ ఇవ్వకు. దీని బదులు పన్నెండు పెంటోమినోలతో 6×10 ఇవ్వు, 2339 రకాలుగా కుదురుతుంది. 3×20 వద్దు, దానికి ఉన్నవి రెండే దారులు.

బొమ్మల్లో గడుల మధ్య గీతలు ఉంచాలని సంపాదకుడికి రాసివ్వు. అందం పేరుతో వాటిని చెరిపి రంగు పులమడం పత్రికలకు పాత జబ్బు. గీతల్లేని డబ్ల్యులో గడులెన్నో పిల్లలకెలా తెలుస్తుంది?

హెక్సోమినోల (ఆరు గడుల ముక్కల) గురించి అడిగావు, అది ఇంకోసారి. అట్టముక్కలకు మాత్రం రెండువైపులా ఒకే రంగు వేయమని చెప్పు. ఒకవైపే రంగుంటే, బోర్లించకూడదేమో అనుకుంటారు.