అలల్లాంటి చెక్క గీతలు పలక అంచు దగ్గర తెగిపోతున్నాయా?

ఆటోక్యాడ్‌లో మీ హ్యాచ్‌లో (జాగాను నింపే గీతల నమూనాలో) చెక్క గీతలు ఒక పలక నుంచి, అంటే నమూనాలో మళ్లీ మళ్లీ వచ్చే చదరం నుంచి, పక్క పలకకు వెళ్లేచోట కలవడం లేదన్నారు కదండీ. తప్పు మీ డ్రాయింగ్‌లో లేదు, కోణంలో ఉంది. హ్యాచ్ నమూనా రాసుండే పాట్ (.pat) ఫైల్‌కు వంపు గీత తెలియదు, దానికి తెలిసింది వంపులేని తిన్నని ముక్కలే. అలను ముక్కలు చేసేటప్పుడు 14 డిగ్రీలు, 15 డిగ్రీలు అని చేతికొచ్చిన కోణం ఇస్తే గీత మళ్లీ మొదటి చోటికి రాదు. అడ్డంగా 4 వెళితే పైకి 1, అలా పూర్ణసంఖ్యల వాలు తీసుకోండి.

1 × 1 పలకలో పైకెక్కి దిగే చిన్న అల ఇది:

14.0362435, 0,0, -0.9701425,0.2425356, 0.5153882,-3.6077174
345.9637565, 0.5,0.125, 0.9701425,0.2425356, 0.5153882,-3.6077174

వరుసగా కోణం, మొదలయ్యే బిందువు, పక్క గీతకు జరుగుడు (గీత వెంబడి, దానికి లంబంగా), గీత పొడవు, ఖాళీ. ఖాళీకి మైనస్ గుర్తు మరిచిపోకండి. గీత, ఖాళీ కలిపితే 4.1231056, అంటే 17కు వర్గమూలం. దశాంశాలు కుదించారంటే పెద్ద గోడ మీద గీతలు మెల్లగా పక్కకు జారతాయి. నేను రెండు అంకెలతో సరిపెట్టి ఓ సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

ఇది మరీ రంపపు పళ్లలా కనిపిస్తుంది, నిజమే. వాలు 8కి 1 చేసి, మధ్యలో అడ్డ ముక్క ఒకటి పెడితే చెక్కలా ఉంటుంది. కణుపులు మాత్రం పాట్‌లో వద్దు, హ్యాచ్ బరువెక్కిపోతుంది. అవి కావాలంటే బ్లాక్ (ఒకే వస్తువుగా కట్టిన బొమ్మ) గీసి, దాన్నే హ్యాచ్‌లా పరిచే సూపర్‌హ్యాచ్ కమాండ్ వాడండి.

ఇంకోటి, ఫైల్ పేరూ, లోపల ఈ అంకెల పైన మొదటి లైన్‌లో నక్షత్రం గుర్తు (*) పక్కన రాసే పేరూ ఒకటే ఉండాలి. చివరి లైన్ తర్వాత ఎంటర్ కొట్టండి.