సోర్స్ కోడ్ ఇచ్చేస్తే వ్యాపారం ఏమవుతుంది?

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి మందుల దుకాణాలకు పనికొచ్చే బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. దీన్ని ఓపెన్ సోర్స్‌గా, అంటే సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్‌ను) ఎవరైనా చూసి, మార్చి, వాడుకునేలా విడుదల చేద్దామని ఒక భాగస్వామి అంటున్నారు. ఏదైనా పెద్ద కంపెనీ మా కోడ్‌ను తన సర్వర్లలో పెట్టుకుని నెలనెలా చందా వసూలు చేసుకుంటే మా గతేమిటి? ‘వ్యాపారానికి వాడరాదు’ అనే షరతు పెడితే చాలదా?
— ఒక పాఠకుడు, మాదాపూర్, హైదరాబాద్

జవాబు: ఆ షరతు పెట్టుకునే హక్కు మీకుంది కానీ, పెట్టిన తరువాత దాన్ని ఓపెన్ సోర్స్ అని చెప్పుకోవడం సరికాదు. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ నిర్వచనం ప్రకారం, సాఫ్ట్‌వేర్‌ను ఫలానా పనికి వాడకూడదని లైసెన్సు అడ్డుపడరాదు. అదీగాక మీ సాఫ్ట్‌వేర్ వాడవలసిన మందుల దుకాణాలవారు చేసేది వ్యాపారమే కదా!

అయినా మీ భయం అర్థంలేనిదేమీ కాదు. ఎంఐటీ, అపాచీ అనే సడలింపు ఎక్కువున్న ఓపెన్ సోర్స్ లైసెన్సుల కింద ఇస్తే, కాపీరైట్ ప్రకటననూ లైసెన్సు పాఠాన్నీ తొలగించనంతవరకు ఎవరైనా మీ కోడ్‌ను తమ ఉత్పత్తిలో కలుపుకుని, సోర్స్ బయటపెట్టకుండానే అమ్ముకోవచ్చు. జీపీఎల్ అనే మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఇస్తే, సాఫ్ట్‌వేర్ ప్రతిని ఇతరులకు అందించేవారు సోర్స్ కోడ్‌ను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. అయితే సొంత సర్వర్లలో నడుపుతూ ఇంటర్నెట్ ద్వారా సేవను మాత్రమే అమ్మేవారు ప్రతిని ఎవరికీ ఇవ్వరు గనుక ఆ నిబంధన వారికి తగలదు. ఈ సందును పూడ్చేందుకు 2007లో వచ్చిన ఏజీపీఎల్ అనే లైసెన్సు మూడవ వెర్షన్ ప్రకారం, కోడ్‌ను మార్చి నెట్‌వర్క్ ద్వారా సేవ అందించేవారు ఆ మార్పులతో కూడిన సోర్స్‌ను వాడకందారులకు అందుబాటులో ఉంచాలి. అమ్ముకోకుండా అదీ ఆపదు. కానీ గూగుల్ వంటి సంస్థ ఏజీపీఎల్ కోడ్‌ను తన లోపల వాడరాదని బహిరంగంగానే నియమం పెట్టుకుందంటే, పెద్ద కంపెనీలకు ఈ లైసెన్సంటే ఎంత బెరుకో తెలుస్తుంది.

నా సలహా ఏజీపీఎల్‌తో పాటు, ఆ షరతులు వద్దనుకునేవారికి డబ్బు తీసుకుని వేరే లైసెన్సు ఇవ్వడం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇలాగే జీపీఎల్‌తో రెండు లైసెన్సుల వ్యాపారం నడిపింది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని సుమారు 100 కోట్ల డాలర్లకు కొన్నది. అయితే ఇందుకు కోడ్ మొత్తం మీద కాపీరైట్ మీ కంపెనీదై ఉండాలి, లేదా అలా లైసెన్సు ఇచ్చే అనుమతి కంపెనీకి ఉండాలి. ఇతరులు జీపీఎల్ కింద ఇచ్చిన లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) ఏదైనా మధ్యలో కలిసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

మన స్టార్టప్‌లు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది కాగితాలనే. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికే చెందుతుంది. కాంట్రాక్టు మీద రాసిచ్చినవారి విషయంలో అలా అనుకుని కూర్చోకూడదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా జరగాలి. అందులో కాలవ్యవధి రాయకపోతే 5 సంవత్సరాలకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అది పరిమితమవుతుంది. కంపెనీ పెట్టకముందు మీ ముగ్గురూ రాసిన కోడ్‌నూ ఇలాగే రాతపూర్వకంగా కంపెనీకి బదిలీ చేయండి.

ప్రశ్న: ఒకసారి విడుదల చేశాక లైసెన్సు మార్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కాపీరైట్ మీదే అయితే కొత్త వెర్షన్లకు మార్చుకోవచ్చు, పాత వెర్షన్లు మాత్రం పాత లైసెన్సు కిందే చెలామణీ అవుతాయి. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఎంఐటీ లాంటిదే అయిన బీఎస్‌డీ లైసెన్సును వదులుకోగానే, పాత కోడ్ ఆధారంగా లినక్స్ ఫౌండేషన్ నీడన వాల్కీ అనే పోటీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మొదలైంది. మరుసటి ఏడాది రెడిస్ తన లైసెన్సులకు ఏజీపీఎల్‌ను కూడా జోడించింది, వాల్కీ మాత్రం తన దారిన తాను కొనసాగుతూనే ఉంది.