పాత బుల్లెట్ వెనక భాగం ఊగుతోంది, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. నాన్నగారి 1980ల నాటి బుల్లెట్ 350, చెన్నైలోనే తిరుగుతోంది. మలుపు తిరిగేటప్పుడు వెనక నుంచి ఎవరో పక్కకి తోసినట్టు అవుతోంది. మెకానిక్ రెండు షాక్ అబ్జార్బర్లూ మార్చేద్దామంటున్నాడు, మీకు మాత్రం స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేయి) బుష్‌ల (అది ఛాసిస్‌కి కలిసే చోట లోపల ఉండే గొట్టాల) మీద అనుమానం.

నాకూ మీ అనుమానమే నిజమనిపిస్తోంది. షాక్ అబ్జార్బర్ పోతే బండి గతుకు దాటాక కూడా పైకీ కిందికీ ఎగురుతూ ఉంటుంది. పక్కకి ఊగిందంటే ముందు చూడాల్సింది స్వింగ్ ఆర్మ్‌ని. నాదీ అదే కాలపు బుల్లెట్, ఉండేది పెరంబూర్‌లో, బుష్‌లు మా ఇంటి ముందే మార్చుకున్నాను. మీరూ మార్చుకోవచ్చు. పాతవి ఊడదీయడానికి ఒళ్లు హూనమవుతుంది గానీ, పని చెడేది అక్కడ కాదు, చివర్లో నట్టు బిగించే దగ్గర. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ముందు రోగం ఖాయం చేసుకోండి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనక యాక్సిల్ దగ్గర ఆర్మ్‌ని ఒక చేత్తో పట్టుకుని పక్కలకి గట్టిగా ఊపండి. రెండో చేతి వేలు ఆర్మ్, ఛాసిస్ కలిసే చోట ఆనించి ఉంచండి. అక్కడ కదలిక వేలికి తగిలితే బుష్ పోయినట్టే. ఆర్మ్ కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే వీల్ బేరింగ్. ఇవేవీ కాకపోతే టైర్లలో గాలి, ముందు కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) చూసుకోండి. కోన్ సెట్ లూజైనా బండి మొత్తం ఊగుతున్నట్టే ఉంటుంది, చాలామంది తికమక పడేది అక్కడే.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే చక్రం తీసి, షాక్‌ల కింది బోల్టులు విప్పి, ఆర్మ్‌ని కాస్త పైకెత్తి వదలండి. నా బండిలో ఉన్నవి రబ్బరు బుష్‌లు: బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, రెండిటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. ఈ రకం బాగుంటే ఆర్మ్ స్ప్రింగులా తన చోటికి తిరిగొస్తుంది. చచ్చుబడినట్టు కిందికి వాలిపోయిందంటే రబ్బరు తెగిందని అర్థం. మీ బండికి ఇదివరకే ఎవరైనా గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు వేయించి ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి. వాటికి గ్రీజు పెట్టి తీరాలి, ప్రెస్ చేశాక లోపలి రంధ్రం కాస్త బిగుసుకుంటుంది కాబట్టి పిన్ను (బుష్‌ల మధ్యలోంచి వెళ్లి ఆర్మ్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే కడ్డీ) సైజుకి రీమర్ (రంధ్రాన్ని కొలతకి సాపు చేసే పనిముట్టు) కూడా పట్టించాలి. రోడ్డు మీద మామూలుగా తిరిగే బండికి రబ్బరువే నయమని నా ఉద్దేశం. మన ఊరి వానల్లో నీళ్లలో తిరిగిన ప్రతిసారీ గ్రీజు చూసుకునే ఓపిక నాకు లేదు.

పార్టుల గురించి టెన్షన్ అక్కర్లేదు. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ, తిరువొత్తియూరులో తయారైన బండి, దానికి చెన్నైలో బుష్ దొరకదంటే ఎవరు నమ్ముతారు? బండి సామాన్ల షాపులుండే జీపీ రోడ్డులో అడగండి. పుదుపేటలో సెకండ్ హ్యాండ్‌వి కూడా చూపిస్తారు, రబ్బరు సామాను మాత్రం అక్కడ కొనొద్దు. పిన్ను కూడా కొత్తది తీసుకోండి. సముద్రం గాలికి పాత పిన్ను లోపలి గొట్టంలోనే తుప్పుపట్టి అతుక్కుపోయి ఉంటుంది. ముందు రోజు రాత్రే రెండు వైపులా డబ్ల్యూడీ-40 కొట్టి ఉంచండి. నా బండికి సైలెన్సర్ అడ్డమొచ్చింది, అది తీశాకే పిన్ను బయటికొచ్చింది.

ఇక పాత బుష్‌లు. సుత్తితో బాదితే లోపలి గొట్టం రబ్బరుతో సహా ఊడొస్తుంది, బయటి గొట్టం మాత్రం ఆర్మ్‌లోనే ఉండిపోతుంది. మంట పెట్టి కాల్చేవాళ్లున్నారు, ఆ నల్లటి పొగకి వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది, పెయింటూ పోతుంది. నేను హ్యాక్సా బ్లేడు ఫ్రేములోంచి విప్పి, రంధ్రంలోంచి దూర్చి, మళ్లీ ఫ్రేముకి బిగించి, గొట్టాన్ని నిలువునా కోశాను. తొందరపడొద్దు. కోస్తున్నంతసేపు తెల్లగా మెరిసే పొడి రాలుతుంది. గొట్టం తెగి ఆర్మ్ దగ్గరికి వచ్చేసరికి ఆ పొడిలో ఎర్రటి తుప్పు కలుస్తుంది, అక్కడ ఆపెయ్యాలి. ఇంకా కోస్తే తెగేది ఆర్మే. తర్వాత సన్న ఉలితో అంచుని లోపలికి మడిచి కొడితే గొట్టం వదులై వచ్చేస్తుంది. ఇదంతా మనవల్ల కాదనుకుంటే ఆర్మ్ ఒక్కటే విప్పి అంబత్తూరు వైపు ఏదైనా లేత్ షాపుకి తీసుకెళ్లండి, ప్రెస్ మీద పెట్టి తోసేస్తారు.

ఎక్కించడానికి ప్రెస్ లేకపోయినా ఫర్వాలేదు. రంధ్రం ఎమెరీ పేపరుతో శుభ్రం చేసి, పొడవాటి మర రాడ్డు, రెండు నట్లు, మందపాటి వాషర్లు పెట్టి మెల్లగా లాగండి. నొక్కే సాకెట్ బుష్ బయటి గొట్టం మీదే ఆనాలి. లోపలి గొట్టం మీద ఆనితే రబ్బరు అప్పుడే చిరుగుతుంది. ఆర్మ్ ఛాసిస్‌లో పెట్టాక సందు మిగిలితే సరైన మందం వాషర్ వెయ్యండి, బోల్టు బిగించి ఛాసిస్ చెవుల్ని దగ్గరికి లాగొద్దు.

ఇప్పుడు ఆ పిన్ను నట్టు సంగతి. నేను చేసుకోకముందు ఒక షాపులో వేయించాను. దీపావళి వానలు వెళ్లేలోపే మళ్లీ అదే ఊపు. విప్పి చూస్తే రబ్బరు నిండా గ్రీజు, లోపలి గొట్టం చుట్టూ చీలిక. గ్రీజు వల్ల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, అదొక తప్పు. అసలు తప్పు, బండి స్టాండ్ మీద ఉండి చక్రం కిందికి వేలాడుతుండగా నట్టు బిగించెయ్యడం. ఈ రకం బుష్‌లో ఏదీ జారదు. నట్టు బిగిస్తే లోపలి గొట్టం ఛాసిస్‌కి పట్టుకుపోతుంది, ఆర్మ్ ఎంత కదిలినా రబ్బరే మెలి తిరగాలి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదికి దిగి మనిషి కూర్చోగానే రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలిపడిపోతుంది. ఖాళీగా నిలబడి ఉన్నా అది మెలిపడే ఉంటుంది, దానికి తోడు ప్రతి గతుక్కీ ఇంకాస్త తిరుగుతుంది. అలా ఎన్నాళ్లు ఆగుతుంది?

అందుకే నట్టు చేత్తో తిరిగినంతవరకు తిప్పి వదిలెయ్యండి. చక్రం, చైను, బ్రేక్ రాడ్డు, షాక్‌లు అన్నీ ఎక్కించి, బండిని స్టాండ్ దించి, మీ బరువున్న మనిషినొకరిని సీటు మీద కూర్చోబెట్టి ముందు బ్రేక్ పట్టుకోమనండి. వెనక భాగాన్ని రెండు మూడుసార్లు కిందికి అదిమి వదిలాక నట్టు పూర్తిగా బిగించండి. మెకానిక్‌తో చేయిస్తే ఈ పనప్పుడు పక్కనే నిలబడండి. "ఏం కాదు సార్, అన్ని బండ్లకీ ఇలాగే బిగిస్తాం" అంటాడు, విన్నట్టు విని కూర్చునే మనిషిని పిలవండి.

చైను టెన్షన్, చక్రం అలైన్‌మెంట్ ఆ తర్వాత చూసుకోండి. కొన్నాళ్లు తిరిగాక నట్టు మరోసారి చూడండి. కొత్త షాక్ అబ్జార్బర్ల డబ్బు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచుకుని, పనిలో పనిగా పాతవాటి పైనా కిందా ఉండే చిన్న రబ్బరు బుష్‌లు మాత్రం మార్చెయ్యండి. మా బండిలో అవి సబ్బు నీళ్లు రాసి నొక్కితే దూరిపోయాయి.