గ్రూప్ థెరపీకి వెళ్లండి, కానీ ముందు ఆ నిద్ర గోలీల సంగతి చూడాలి

ప్రశ్న: నా వయసు 34. మాది నల్లగొండ దగ్గర పల్లె. పెండ్లయిన తొమ్మిదేండ్లూ భర్త చేతిలో దెబ్బలు తిన్నాను. రెండేండ్ల క్రితం పాపను తీసుకొని తల్లిగారింటికి వచ్చేశాను. ఇప్పుడు కొట్టేవాళ్లు లేకపోయినా రాత్రిపూట బైక్ చప్పుడు వినబడితే గుండె దడదడలాడుతుంది. పాత సంగతులే కలలోకి వస్తున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చే నిద్ర గోలీ వేసుకుంటేనే కన్ను మూతపడుతుంది. మొదట ఒకటి సరిపోయేది, ఇప్పుడు మూడు వేసుకుంటున్నాను. సఖి కేంద్రంలో మేడం నాలాంటి ఆడవాళ్లను కూర్చోబెట్టి చేసే గ్రూప్ థెరపీకి వెళ్లమంటున్నారు. పదిమందిలో చెప్పుకుంటే నా బాధ తగ్గుతుందా? ఊళ్లో తెలిస్తే నా బిడ్డ పరువు ఏం కావాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు గ్రూప్ థెరపీ గురించి అడిగారు. దానికి తప్పకుండా జవాబు చెబుతాను. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది నిద్ర గోలీల గురించి మీరు మామూలుగా రాసేసిన రెండు ముక్కలు. గోలీ పేరు మీరు రాయలేదు కాబట్టి కచ్చితంగా చెప్పలేను గానీ, మన జిల్లాల్లో చీటీ లేకుండా నిద్రకని చేతిలో పెట్టేది చాలావరకు ఆల్ప్రజోలం లేదా ఆ కోవకు చెందిన మందే అయి ఉంటుంది. ఒకటి మూడైందంటే మీ శరీరం ఆ మందుకు అలవాటు పడిపోయిందని అర్థం. ఇందులో మీ గుణానికి సంబంధించిన తప్పేమీ లేదు, ఆ మందు స్వభావమే అంత.

ఇది చదివి ఈ రాత్రే గోలీలు మానేయకండి, ఎందుకంటే చాలాకాలం వాడిన ఈ రకం మందును ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, చెమటలు పట్టడం, అసలే నిద్ర లేకపోవడంతో మొదలై కొందరిలో ఫిట్స్ దాకా, మతి తప్పి మాట్లాడే దాకా పోతుంది. పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. ఆల్ప్రజోలం, డైజిపాం కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవాళ్లు, కల్లు దుకాణాల మీద ఎక్సైజ్ దాడులు జరిగి ఆ కల్లు దొరకని రోజుల్లో ఏ స్థితిలో ఆసుపత్రులకు వచ్చారో ఇక్కడ పనిచేసిన డాక్టర్లందరికీ తెలుసు. మీరు తాగుతున్నది కల్లు కాకపోవచ్చు, మందు మాత్రం అదే కావచ్చు. సాయంత్రాలు కల్లు తాగే అలవాటు కూడా ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి. రెండూ కలిస్తే నిద్రలోనే శ్వాస మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

ఆల్ప్రజోలం 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉంది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు, పేషెంట్ పేరు రిజిస్టర్‌లో రాసి, ఆ రిజిస్టర్‌ను మూడేండ్లు ఉంచాలి. ఇంత కట్టడి ఉన్న మందును కత్తెరతో అరస్ట్రిప్పు కోసి, పేరు కనబడని ముక్కను కాగితంలో చుట్టి ఇవ్వడం నేను ఈ ప్రాంతంలో ఎన్నో ఏండ్లుగా చూస్తున్నాను. పేషెంట్ తెచ్చి నా బల్ల మీద పెట్టే ఆ ముక్క మీద మందు పేరులో రెండక్షరాలు, ఎక్స్‌పైరీ తేదీలో సగం మాత్రమే మిగిలి ఉంటాయి. ఇచ్చినవారిది తప్పే. కానీ అమ్మా, రెండేండ్లుగా ఒక్క డాక్టర్‌కైనా చూపించకుండా గోలీలు పెంచుకుంటూ పోవడం మీ వైపు నుంచి కూడా సరికాదు. జ్వరం వారం తగ్గకపోతే పరుగెత్తుకొస్తాం, మనసుకు దెబ్బ తగిలితే మాత్రం అదే తగ్గుతుందని ఏండ్లు గడిపేస్తాం.

ఇంకో సంగతి కూడా ఉంది. మానసిక గాయం తర్వాత మొదటి నెలలో వచ్చే భయానికి, నిద్రలేమికి కూడా ఈ కోవ మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే తన మార్గదర్శకాల్లో సూచించింది. చికిత్సలో జరగాల్సిందల్లా, ఆ ప్రమాదం గడిచిపోయిందని మీ మెదడు మళ్లీ మెల్లగా నేర్చుకోవడం. రాత్రి వేసుకున్న గోలీల మత్తు పగలు కూడా వదలకుండా ఉంటే ఆ నేర్చుకోవడమే సరిగా సాగదు, గ్రూపులో కూర్చున్నా విన్నది నిలవదు.

మీరు రాసిన లక్షణాలు పీటీఎస్‌డీని, అంటే మానసిక గాయం తర్వాత చాలాకాలం వేధించే జబ్బును సూచిస్తున్నాయి. జరిగింది పదేపదే గుర్తుకు రావడం, పీడకలలు, చప్పుడుకు ఉలిక్కిపడడం, ఆ జ్ఞాపకాల నుంచి తప్పించుకు తిరగడం నెల దాటినా తగ్గకుండా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. అయితే ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేయలేం. డిప్రెషన్ ఉందా, థైరాయిడ్ తేడా ఉందా అన్నది చూడాలి. తొమ్మిదేండ్ల దెబ్బల్లో తలకు తగిలినవి ఎన్ని, ఎప్పుడైనా స్పృహ తప్పారా అన్నది కూడా అడగాలి. ఈ ప్రశ్న చాలాసార్లు ఎవరూ అడగరు, పేషెంట్లు తామంతట తాము చెప్పరు. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్‌ను కలిసేదాకా గోలీలు మీ దిండు కింద కాకుండా మీ అమ్మగారి దగ్గర ఉండాలి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. గ్రూప్ థెరపీ అంటే పదిమందిలో లేచి నిలబడి జరిగిందంతా చెప్పడం అని మీరు అనుకుంటున్నట్టుంది. సరిగా నడిపే గ్రూపు అలా ఉండదు. సాధారణంగా ఆరు నుంచి పదిమంది ఆడవాళ్లు, వారానికోసారి గంటన్నర చొప్పున, రెండు మూడు నెలలు కలుస్తారు. చాలా గ్రూపుల్లో మొదలైన తర్వాత మధ్యలో కొత్తవారిని చేర్చుకోరు. ట్రామా (మానసిక గాయం) చికిత్సను మూడు దశలుగా వివరించిన అమెరికన్ సైకియాట్రిస్ట్ జూడిత్ హెర్మన్ భద్రతను మొదటి మెట్టుగా పెట్టారు, జ్ఞాపకాలను తడమడం ఆ తర్వాతే. అందుకే మొదటి వారాల్లో నిద్ర గురించి, శ్వాస గురించి, భయం ముంచుకొచ్చినప్పుడు పాదాలను నేలకు ఆనించి చుట్టూ కనబడేవాటి పేర్లు చెప్పుకోవడం లాంటి చిన్న పద్ధతుల గురించే నేర్పుతారు. మీరు ఏమీ చెప్పకుండా విని రావచ్చు.

నేను చూసిన ఒక గ్రూపులో ఒకామె మూడు వారాలు తలుపు పక్క కుర్చీలోనే, ఒళ్లో సంచి పెట్టుకొని కూర్చుంది. పేరు తప్ప ఇంకేమీ చెప్పలేదు. నాలుగో వారం ఇంకొకామె, భర్త ఇంటి ముందు బండి స్టాండ్ వేసిన చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో తనకు తెలిసిపోయేదని చెబుతుంటే, ఈమె సంచి కింద పెట్టి, 'మా గేటు గొళ్లెం చప్పుడు కూడా అట్లనే చెప్పేది' అన్నది. మిగతా ముగ్గురు నలుగురు తలలూపారు. తనకే ఏదో పిచ్చి పట్టిందని అంతకాలం నమ్మిన మనిషికి ఆ తలూపులు ఇచ్చే ఊరట డాక్టర్‌గా నేను నా గదిలో ఇవ్వలేను. సిగ్గు తగ్గేది అక్కడే.

అయితే దాని పరిమితులు కూడా తెలియాలి. ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను కదిలిస్తూ జ్ఞాపకాల తీవ్రత తగ్గించే చికిత్స) వంటి ఒక్కరితో ఒక్కరుగా చేసే చికిత్సలకు ఆధారాలు ఎక్కువ బలంగా ఉన్నాయి. గ్రూపు వాటికి తోడుగానో, అవి అందుబాటులో లేనిచోటో బాగా పనికొస్తుంది. పాకిస్తాన్‌లోని స్వాత్ ప్రాంతంలో, స్పెషలిస్టులు కాని స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి వారానికోసారి అయిదు వారాలు నడిపిన గ్రూపుల వల్ల అక్కడి మహిళల్లో ఆందోళన, దిగులు తగ్గాయని 2019లో వెలువడిన అధ్యయనం చూపింది. చనిపోవాలన్న ఆలోచనలు బలంగా ఉన్నవారు, మందు మానేటప్పుడు వచ్చే ఇబ్బందుల్లో ఉన్నవారు మాత్రం ముందు విడిగా చూపించుకొని కుదుటపడ్డాకే గ్రూపులో చేరడం మంచిది. మీ గోలీల సంగతి ముందు పెట్టింది అందుకే.

పరువు సంగతి. మీ వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స చేసేవారి మీద బాధ్యత పెట్టింది. తోటి సభ్యులను మాత్రం కట్టి ఉంచేది వారిచ్చిన మాటే, దీన్ని మీ దగ్గర దాచను. చేరేముందు గ్రూపు నడిపేవారు మీతో విడిగా మాట్లాడతారు. అప్పుడే మీ ఊరివాళ్లు, చుట్టాలు ఎవరైనా అందులో ఉన్నారా అని అడగండి. ఉంటే వేరే గ్రూపు, వేరే పట్టణం చూపమనండి. మీ పాపకు పరువు కన్నా ముందు కావలసింది వేరే ఉంది. ఆ ఇంట్లో ఆమె కూడా అన్నీ చూసింది. పక్క తడపడం, బడికి పోనని ఏడవడం, మౌనంగా ఉండిపోవడం వంటివి ఉంటే ఆమెనూ వెంట తీసుకురండి.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, మానసిక విభాగం ఓపీలో చూపించుకోండి. ఈ వారంలోనే వెళ్లండి. ఇంట్లో ఉన్న గోలీలతో పాటు ఖాళీ స్ట్రిప్పులు కూడా తీసుకెళ్తే మందు ఏదో, మోతాదు ఎంతో తెలుస్తుంది. దాన్ని బట్టి వారాల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తూ, అవసరమనుకుంటే అలవాటు చేయని వేరే మందు మొదలుపెడతారు. అది పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు, కాబట్టి పది రోజులకే మానేయకండి. ఓపీ చీటీ రాసే కౌంటర్ దగ్గర నిద్ర పట్టడం లేదని చెబితే చాలు, మిగతాది లోపల డాక్టర్‌తో చెప్పవచ్చు.