బండి వెనక బండి: మీ సందేహాలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) అమ్మేసి పెద్దది కొన్నవారివే. మొదటి పేరాలో కొన్న సంబరం, రెండో పేరాలో దాన్ని రోడ్డెక్కించిన భయం. భయం ఉండటమే మంచిది. భయం లేని ఉత్తరాలు చదివితే నాకు నిద్ర పట్టదు.

ప్రశ్న: నాలుగున్నర మీటర్ల ఒంటి ఇరుసు కారవాన్‌ను చాలాకాలం లాగాం. ఇప్పుడు ఏడు మీటర్లు దాటిన జంట ఇరుసుల బండి కొన్నాం. సామానుతో కలిపి 1,800 కిలోలు. మా కారు బరువు 1,950 కిలోలు. మొదటి ప్రయాణంలోనే, గంటకు 90 కిలోమీటర్ల వేగంలో వెళ్తుండగా ఒక పెద్ద బస్సు మమ్మల్ని దాటింది. వెంటనే కారవాన్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. మా వారు “వేగం పెంచితే అదే సర్దుకుంటుంది” అన్నారు. నేను “బ్రేకు వేయండి” అని అరిచాను. ఏదీ చేసేలోపే బండి సర్దుకుంది. మా వాదన మాత్రం ఇంకా సర్దుకోలేదు. ఎవరి మాట ఒప్పు?

జవాబు: ఇద్దరిదీ తప్పే కనుక ఇంట్లో సంధి కుదుర్చుకోవచ్చు. మీ వారి మాట ఎక్కువ ప్రమాదం. వేగం పెరిగేకొద్దీ ఊపు తనంతట తాను అణిగే గుణం తగ్గుతుంది. ఒక హద్దు దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. ఇక మీరు చెప్పినట్టు గట్టిగా బ్రేకు వేస్తే, వెనక ఉన్న 1,800 కిలోలు పక్కకు తిరిగి ఉన్న స్థితిలోనే కారును నెడతాయి. అప్పుడు రెండు బండ్లూ కొక్కెం దగ్గర మడతపడతాయి. చేయవలసింది చాలా చప్పగా ఉంటుంది: యాక్సిలరేటర్ మీదనుంచి కాలు మెల్లగా తీయాలి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకోవాలి, ఊపుకు ఎదురు తిప్పబోకూడదు. మీ చేయి ఎప్పుడూ ఊపు కంటే అర క్షణం వెనకబడే ఉంటుంది, అందుకే సరిచేయబోయి పెంచుతారు.

అసలు దోషి మీ ఉత్తరం చివర్లో, మాటల మధ్య దొరికాడు. “రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లను కారవాన్ వెనక గోడకు తగిలించాం” అని రాశారు. ఆ సైకిళ్లు రెండూ కలిపి 50 కిలోలు అనుకుందాం. ఇరుసుల నడిమి నుంచి సైకిళ్లకు మూడున్నర మీటర్లు, కొక్కేనికి అయిదు మీటర్లు అనుకుంటే, 50ని మూడున్నరతో హెచ్చించి అయిదుతో భాగించండి: 35. అంటే వెనక తగిలించిన 50 కిలోలు కొక్కెం మీదనుంచి 35 కిలోలు ఎత్తేశాయి. వెనక బరువెక్కిన ఎడ్లబండి కాడిని ఎద్దుల మెడ మీదనుంచి లేపేస్తుందే, అదే పని.

కొక్కెం మీద పడే బరువు మొత్తం కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలన్నది యూరప్ తరహా బండ్లకు వాడే లెక్క. 1,800 కిలోలకు అది 90 నుంచి 126. అయితే కారుకు ఒక గరిష్ఠ పరిమితి, టో బార్‌కు (కారు వెనక కొక్కెం బిగించే కడ్డీ) ఒకటి, కారవాన్ కప్లింగ్‌కు (ఆ కొక్కేన్ని పట్టుకునే ముందు కొస) ఒకటి రాసి ఉంటాయి. మూడింటిలో ఏది తక్కువో అదే మీ పరిమితి. మీ కారుకు 100 అని రాశారు. కాబట్టి 90కి, 100కి మధ్య ఉన్న ఆ ఇరుకు సందులోనే మీరు నిలవాలి. 100 దగ్గరే ఉన్నారనుకున్నా, 35 పోతే మిగిలేది 65, అంటే నాలుగు శాతమైనా లేదు. బస్సు గాలి చేసిందల్లా చిన్నగా తట్టడమే. (10 నుంచి 15 శాతం అని ఎక్కడో చదివి నన్ను నిలదీసేవారికి: అది అమెరికా తరహా బండ్ల లెక్క. అక్కడి కార్లు, కొక్కేలు అంత బరువు మోసేలా తయారవుతాయి. మీ టో బార్ మీద ప్రయోగం చేయకండి.)

కొలవడం కష్టం కాదు. సమమైన నేల మీద చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, కప్లింగ్ కింద చిన్న చెక్కదుంగ నిలిపి, దాని కింద ఇంట్లో బరువు చూసుకునే యంత్రం ఉంచండి. కారవాన్ ముందు కొసన ఉండే బుల్లి చక్రాన్ని పైకి తిప్పితే బరువంతా యంత్రం మీదకు వస్తుంది. కారుకు తగిలించినప్పుడు కప్లింగ్ ఎంత ఎత్తులో ఉంటుందో కొలిచేటప్పుడూ అంతే ఎత్తులో ఉండాలి. ఎత్తు మారితే అంకె మారిపోతుంది.

తగ్గిన బరువును కారవాన్ ముందు భాగంలో గ్యాస్ సిలిండరు పెట్టే అరలో సామాను కుక్కి పూడ్చుకోకండి. అంకె సరిపోతుంది, రోగం ముదురుతుంది. రెండు కొసల్లో బరువున్న బండి ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆగడానికి చాలాసేపు పడుతుంది. బరువైనవన్నీ ఇరుసుల మీద, నేలకు ఆనుకుని ఉండాలి. గుడారం సంచి, పనిముట్ల పెట్టె, నీళ్లు అక్కడికే. పై అలమారాల్లో బట్టలు, దుప్పట్లు తప్ప ఇంకేమీ వద్దు. సైకిళ్లు కారు మీదకో కారులోకో వెళ్లాలి.

కారు సంగతి కూడా చెప్పాలి. నిండిన కారవాన్ బరువు కారు సొంత బరువులో 85 శాతం దాటకుండా ఉంటే కొత్తవారికి మేలని బ్రిటన్ కారవాన్ సంఘాలు చాలాకాలంగా చెబుతున్నాయి. మీది 92 శాతం. మీరు కొత్తవారు కారు, కాబట్టి కారు మార్చమనను. కానీ 90 కిలోమీటర్ల వేగం మాత్రం మరిచిపొండి, 80 చాలు. చట్టం ఎంత అనుమతించినా సరే.

ప్రశ్న: జంట ఇరుసుల బండికి ఒక టైరు పోయినా మిగతా మూడు మోస్తాయి కదా, అంత బెంగ అక్కర్లేదంటారు మా మిత్రులు. నిజమేనా?

జవాబు: మోస్తాయి, అదే చిక్కు. ఒంటి ఇరుసు బండికి టైరు దిగితే వెంటనే తెలుస్తుంది. జంట ఇరుసుల బండిలో పక్క టైరు ఆ బరువు ఎత్తుకోవడంతో లోపల కూర్చున్నవారికి ఏమీ తెలియదు. గాలి పోయిన టైరు వేడెక్కి చీలి, దాని ముక్కలు చక్రం గూటిని చెండాడిన తరవాతే శబ్దం వినిపిస్తుంది. గాలి ఎంత ఉందో కారులోనే చూపించే పరికరాలు దొరుకుతున్నాయి. కారవాన్‌కు సంబంధించి నేను అనవసరం అనని కొద్ది వస్తువుల్లో అదొకటి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర కూడా చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. కారవాన్ టైర్లు అరిగి కాదు, ముసలివై పాడవుతాయి. టైరు మీది గాడులు లోతుగా కనిపిస్తున్నాయని మురిసిపోకుండా, అయిదేళ్లు దాటినప్పటి నుంచి అనుమానంగా చూసి, ఏడేళ్లు వచ్చేసరికి తీసేయండి.

ప్రశ్న: ముందుకు నడపడం వచ్చేసింది. వెనక్కి పెట్టడమే రావడం లేదు. ఎటు తిప్పినా అది రెండోవైపే వెళ్తోంది. పార్కింగ్ చోట అందరూ కుర్చీలు వేసుకుని మరీ చూస్తున్నారు.

జవాబు: చూడనివ్వండి. మీ తరవాత వచ్చేవాడిని మీరూ అలాగే చూస్తారు.

స్టీరింగ్‌ను పైన పట్టుకోవడం మానేయండి. చేతిని స్టీరింగ్ చక్రానికి అడుగున, గడియారంలో ఆరు ఉండే చోట ఉంచండి. కారవాన్ వెనక భాగం ఎటు వెళ్లాలో ఆ చేతిని అటు జరపండి. మెదడు తలకిందుల లెక్క వేయాల్సిన పని తప్పుతుంది. బండి తిన్నగా వెనక్కి రావాలనుకున్నప్పుడు అద్దాలు చూడండి: ఏ అద్దంలో కారవాన్ ఎక్కువగా కనిపించడం మొదలైందో స్టీరింగ్‌ను ఆ అద్దం వైపు కొద్దిగా తిప్పితే మళ్లీ వరుసలోకి వస్తుంది. కొద్దిగా అన్నాను. ఎక్కువ తిప్పి, దాన్ని సరిచేయడానికి ఇంకా ఎక్కువ తిప్పేవారే ఎక్కువ.

మీకు ఊరట కలిగించే సంగతి ఒకటుంది. పొడవాటి బండిని వెనక్కి నడపడం పొట్టిదానికంటే తేలిక. పొట్టిది క్షణంలో మడతపడుతుంది. పొడవుది తీరిగ్గా స్పందిస్తుంది, మీకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. కోణం మరీ ఎక్కువైతే వెనక్కి ఇంకా ప్రయత్నించకండి. ముందుకు కదిలి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. వీలైనప్పుడల్లా డ్రైవరు కూర్చున్న వైపుకే బండి తిరిగేలా చోటును ఎంచుకోండి, అప్పుడు కిటికీలోంచే చక్రాలు కనిపిస్తాయి. రెండోవైపు తిప్పితే గుడ్డిగా తిప్పడమే.

సాయం చేసే మనిషి బండికి సరిగ్గా వెనక నిలబడితే లాభం లేదు. అద్దంలో కనిపించే చోట నిలబడాలి, అద్దంలోంచి మాయమైన మరుక్షణం మీరు ఆగాలి. “ఇటు, ఇటు” అనే అరుపులు అసలు వద్దు. చేతి సైగలు ముందే మాట్లాడుకోండి. నేను చూసిన దాంపత్య కలహాల్లో చాలావాటికి మూలం ఆ “ఇటు”.

ముందుకు వెళ్లేటప్పుడు పెద్ద బండి కొత్తగా చేసే అల్లరి రెండు రకాలు. మలుపులో దాని చక్రాలు కారు చక్రాల కంటే లోపలి వైపు కోసుకుని వస్తాయి, కాబట్టి కారును ఇంకాస్త ముందుకు పోనిచ్చి తిప్పాలి. ఇరుసుల వెనక ఉన్న పొడుగు తోక మలుపుకు ఎదురు దిశలో బయటకు ఊగుతుంది. పెట్రోలు బంకుల్లో స్తంభాలకు గీరుకునేది అదే. బంకులోంచి బయటికి వచ్చేటప్పుడు ఓ బండి పొడవు తిన్నగా వచ్చి, తరవాత తిప్పండి.

ప్రశ్న: పెద్ద బండి కదా అని దుకాణంవారు మైక్రోవేవ్, పెద్ద బ్యాటరీ, కారు లేకుండానే బండిని మోటారుతో కదిలించే యంత్రం, ఇంకా ఏవేవో పెట్టుకోమంటున్నారు. ఏవి అవసరం?

జవాబు: కొనేముందు బండి మీదున్న పలక చదవండి. గరిష్ఠంగా 1,800 కిలోలు, ఖాళీ బరువు 1,630 అని ఉంటే మీ చేతిలో ఉన్నది 170 కిలోలు మాత్రమే. బండి పెద్దది, అల్మారాలు పెద్దవి, అనుమతి మాత్రం చిన్నది. 40 లీటర్ల నీళ్లు నింపుకుని బయలుదేరితే 40 కిలోలు అక్కడే పోయాయి. గుడారానికి 25 నుంచి 30. కదిలించే యంత్రం జంట ఇరుసుల బండికి ఇంకా బరువు, కానీ అది లేకుండా ఆ బండిని చేత్తో తిప్పడం ఇద్దరు ముగ్గురి వల్ల కూడా కాదు. కాబట్టి దానికే నా ఓటు, మిగతావాటిని తగ్గించుకోండి.

మైక్రోవేవ్ సంగతికి వద్దాం. 800 వాట్లని రాసి ఉన్నది లాగేది 1,200 వాట్లకు పైనే. బస చేసే చోట 10 ఆంపియర్ల కరెంటు ఇస్తే 230 వోల్టుల మీద మీకు దక్కేది 2,300 వాట్లు. మైక్రోవేవ్ నడుస్తుండగా నీళ్ల కెటిల్ పెట్టారా, చీకటి. ఇక బ్యాటరీ మీద నడపాలంటే, 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో ఆయుష్షు చెడకుండా వాడుకోగలిగింది సగమే, అంటే సుమారు 600 వాట్-గంటలు. లైట్లకు, నీళ్ల పంపుకు అది ధారాళం, మైక్రోవేవ్‌కు కాదు. కరెంటు తీగను చుట్ట మీదనుంచి పూర్తిగా విప్పి పరవండి. చుట్టలో ఉండగా ఎక్కువ కరెంటు లాగితే వేడెక్కి కరిగిపోతుంది.

చలి ప్రాంతాలకు వెళ్లేవారు బ్యూటేన్ కాకుండా ప్రొపేన్ సిలిండరు తీసుకోవాలి. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. నేలలో ఉన్న చిన్న రంధ్రాలను చలిగాలి వస్తోందని మూయకండి. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే అది బయటపడే దారి అవే.

ప్రశ్న: టో బాల్‌కు (కప్లింగ్ కూర్చునే ఇనుప గుండు) గ్రీజు పూయాలని ఒకరు, అసలు పూయకూడదని మరొకరు. ఏది సరి?

జవాబు: కప్లింగ్ లోపల ఊపును అణచే రాపిడి బిళ్లలు ఉంటే గ్రీజు చుక్క కూడా తగలకూడదు. తగిలితే బిళ్లలు జారిపోతాయి, మీరు కొన్న రక్షణ పోయినట్టే. బిళ్లలు లేని మామూలు కప్లింగ్‌కు పలచగా పూయవచ్చు. కొత్త బాల్ మీద నల్లరంగు ఉంటే, బిళ్లల కప్లింగ్ తగిలించే ముందు గరుకు కాగితంతో లోహం తేలేదాకా రుద్ది, బ్రేకులు శుభ్రం చేసే ద్రవంతో తుడవండి.