ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లాలంటే ఆ టైట్ డ్రెస్సు, రేసింగ్ సైకిల్ ఉండాల్సిందేనా?

కొండాపూర్‌లో ఇల్లు, ఏడు కిలోమీటర్లలో ఆఫీసు, సైకిల్ కొందామని షాపుకెళ్తే అక్కడి కుర్రాడు అరవై వేల రోడ్ బైక్, అదే రేసింగ్ సైకిల్, చూపించి దానికి తోడు జెర్సీ, ప్యాడ్ ఉన్న టైట్ షార్ట్స్, పెడల్‌లో ఇరుక్కునే క్లీట్ షూస్ కూడా ఉండాలన్నాడు, మామూలు ప్యాంటు షర్టుతో తొక్కితే నవ్వుతారా అని కదా మీరు అడిగింది. నవ్వుతారండీ. ఎలా వెళ్లినా నవ్వుతారు. ప్యాంటు షర్టుతో వెళ్తే "ఏంటి సార్, ఈఎంఐ కట్టలేదని బండి లాక్కెళ్లారా" అంటారు, టైట్ షార్ట్స్‌లో వెళ్తే మీ ముందు ఏమీ అనరు, మీరు లిఫ్ట్ ఎక్కాక అంటారు. అందుకని వాళ్ల సంగతి వదిలేసి, ఆ అరవై వేల సైకిల్‌కి స్టాండ్ ఉందా లేదా అనేది చూడండి ముందు. ఉండదు. పందెం వేస్తా.

నాకు అసలు మండేది ఇక్కడే. మడ్‌గార్డ్ ఉండదు, క్యారియర్ ఉండదు, చైన్ కవర్ ఉండదు, బెల్ ఉండదు, లైటు ఉండదు. ఇంకాస్త పైకెళ్లి లక్షల్లో కొంటే పెడల్స్ కూడా ఉండవు, నిజంగానే, మీకు నచ్చినవి మీరే విడిగా కొనుక్కోవాలట, కాడి లేకుండా ఎడ్లబండి అమ్మినట్టు. ఐదారు వేలకి దొరికే నల్ల సైకిల్‌కి ఇవి చాలావరకు కంపెనీ నుంచే వస్తాయి. అంటే మనం ఎక్కువ డబ్బులిచ్చేది ఉన్నవి పీకించుకోవడానికన్నమాట. నేను మియాపూర్ నుంచి గచ్చిబౌలి వైపు చాలా ఏళ్లుగా హైబ్రిడ్ సైకిల్ (రేసింగ్ సైకిల్‌కీ లావు టైర్ల సైకిల్‌కీ మధ్య రకం) మీదే ఆఫీసుకి వెళ్తున్నా, దానికి పైవన్నీ ఒక్కొక్కటీ కొని బిగించుకున్నా, మా ఆదివారం గ్రూపులో నా సైకిల్ పేరు "పాల బండి". పెట్టుకోనివ్వండి.

ఆ గ్రూపుతో ఒకసారి శంకర్‌పల్లి వెళ్లిన సంగతి చెప్తా, మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. వానాకాలం మొదట్లో, తెల్లారుజామున గచ్చిబౌలిలో బయల్దేరేటప్పుడు చినుకు లేదు. అందరూ ఒకే రంగు జెర్సీలు, ఒకే రంగు సాక్సులు, కళ్లజోళ్లు హెల్మెట్ పైకి గుచ్చి ఫొటోలు. ఒకతను నా వెనక మడ్‌గార్డ్ పట్టుకుని ఊపి "అన్నా, దీనివల్ల గాలికి ఎంత డ్రాగ్ వస్తదో తెలుసా, తీసేయ్" అన్నాడు. డ్రాగ్ అంటే గాలి వెనక్కి లాగడం. సరేలే బాబూ అన్నాను. గండిపేట దాటి మోకిల దగ్గరికి వచ్చేసరికి దంచికొట్టింది. ఆ రోడ్డు పక్కన ఎప్పుడూ ఏదో వెంచర్ పని నడుస్తూనే ఉంటుంది, టిప్పర్ల టైర్లకి అంటుకొచ్చిన మట్టంతా రోడ్డు మీదే ఉంటుంది, దాని మీద వాన పడితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మడ్‌గార్డ్ లేని సైకిల్ వెనక చక్రం ఆ బురదని కింద నుంచి ఎత్తి సరిగ్గా సీటు దగ్గర మొదలుపెట్టి మెడ దాకా ఒక పట్టీలాగా కొడుతుంది. అంతా ఒకరి వెనక ఒకరు అంటుకుని వెళ్తున్నారు కదా, గాలి తగలకుండా, కాబట్టి ముందువాడి చక్రం బురద వెనకవాడి మూతి మీద. వాటర్ బాటిల్ మూతి మీద కూడా. దాహం వేస్తే అదే తాగాలి.

శంకర్‌పల్లిలో ఒక టిఫిన్ హోటల్‌కి వెళ్లాం. లోపల తెల్ల టైల్స్, కొత్త ప్లాస్టిక్ కుర్చీలు, అప్పటికే రెండు కుటుంబాలు పిల్లలతో కూర్చుని తింటున్నాయి. మా గ్రూపు వాళ్లు టక్కు టక్కుమంటూ ఆ క్లీట్ షూస్‌తో లోపలికి వచ్చారు, ఆ షూ అడుగున గట్టి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, పెడల్‌లో ఇరుక్కోవడానికి, దాంతో తడి టైల్స్ మీద నడవడం అంటే సర్కస్సే. ఒకాయన చేతులు కడుక్కుందామని వెళ్లి సర్రున జారి కుళాయి పట్టుకుని వేలాడాడు, కుళాయి ఊడలేదు, అదృష్టం. హోటలాయన కౌంటర్ దగ్గర్నుంచి లేచొచ్చి, తడిసి ఒంటికి అతుక్కుపోయిన ఆ షార్ట్స్ వైపు ఒకసారి, కుటుంబాల వైపు ఒకసారి చూసి, పాత పేపర్ల కట్ట తీసుకొచ్చి చేతికిచ్చాడు. "సార్, కుర్చీలు ఖరాబైతయ్, పేపర్ ఏస్కొని కూసోండ్రి" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు పాపం. నా వీపు పొడిగా లేదుగానీ శుభ్రంగా ఉంది, నాకు పేపర్ ఇవ్వలేదు. ఇడ్లీ, మైసూర్ బజ్జీ తిని లేచేసరికి ఒక్కొక్కరి వెనక పేపర్ అతుక్కుని వచ్చింది, పీకితే సగమే వచ్చింది, నాకు డ్రాగ్ గురించి చెప్పినతని వెనక "వధువు కావలెను" కాలమ్ ఉంది, తిరుగు ప్రయాణంలో దాన్ని చూస్తూ అతని వెనకే వచ్చాను. మర్నాడు గ్రూపులో మడ్‌గార్డ్‌లు ఎక్కడ దొరుకుతాయని ఎవరూ అడగలేదు. కొత్త జెర్సీ డిజైన్ గురించి చర్చ నడిచింది.

అయితే ఒక్క విషయంలో ఆ షాపు కుర్రాడి వైపే మాట్లాడతా. ప్యాడ్ ఉన్న షార్ట్స్ స్టైల్ కోసం పుట్టింది కాదు. గంటన్నర, రెండు గంటలు సీటు మీద కూర్చుంటే మామూలు ప్యాంటు కుట్లు ఎక్కడెక్కడ ఒరుసుకుంటాయో తొక్కిన వాళ్లకే తెలుసు. పూర్వం రేసుల వాళ్లు ఉన్ని షార్ట్స్‌లో మెత్తటి తోలు ముక్క కుట్టించుకునేవాళ్లు, ఆ తోలు ఆరితే అట్టలా బిగుసుకుపోయేదని దానికి క్రీమ్ రాసేవాళ్లు. ఇప్పటి టైట్ షార్ట్స్‌లో ఉండే సాగే దారం, లైక్రా, 1958లో డ్యూపాంట్ కంపెనీలో తయారైంది, సైకిల్ బట్టల్లోకి అది తర్వాత వచ్చింది. కాబట్టి యాభై, వంద కిలోమీటర్లు వెళ్తే ప్యాడ్ వేసుకోండి, లోపల అండర్‌వేర్ లేకుండా వేసుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు సిగ్గుపడి. పైన మామూలు నిక్కరో ట్రాక్ ప్యాంటో వేసేసుకోండి, హోటల్లో టవల్ చుట్టుకుని తిరిగే అవస్థ ఉండదు. భుజాల మీదకి పట్టీలు ఉండే రకం మాత్రం వద్దు, మగవాళ్లకైనా సరే, ఒంటికి వెళ్లాలంటే జెర్సీ మొత్తం విప్పాల్సిన కేసులు ఉన్నాయి. మీ ఏడు కిలోమీటర్లకి ఇవేవీ అక్కర్లేదు.

స్టైల్ పిచ్చి మనకే అనుకోకండి. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ అని ఉంది, వాళ్లకి సాక్స్ ఎత్తు మీద రూల్ ఉంది, చీలమండకీ మోకాలికీ సగం దూరం దాటి పైకి రాకూడదు, దాన్ని కొలవడానికి ఒక పరికరం కూడా పెట్టుకున్నారు. అదే సంఘం రేసు సైకిల్ 6.8 కిలోల కన్నా తక్కువ బరువు ఉండకూడదని కూడా అంటుంది. పోటీలో ఉన్నవాళ్లకి అవి అవసరం, ఒప్పుకుంటా. మనం కూకట్‌పల్లి ఫ్లైఓవర్ ఎక్కడానికి మూడొందల గ్రాముల తేడా కోసం ముప్పై వేలు ఎక్కువ పెట్టి, వీపు మీద ల్యాప్‌టాప్, చార్జర్, లంచ్ బాక్స్ మోసుకెళ్తాం చూడండి, అది నాకు అర్థం కాదు. హెల్మెట్ సంగతి వేరు, టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేసులో కూడా 2003 దాకా తప్పనిసరి కాదు, ఒక రైడర్ చనిపోయాక పెట్టారు. మన రోడ్ల మీద అది లేకుండా గేటు దాటకండి, అందంగా ఉన్నా లేకున్నా.

దూరం తొక్కే వాళ్లని చూడండి కావాలంటే. బ్రెవే అని గడువు పెట్టిన దూరపు రైడ్లు ఉంటాయి, 200 కిలోమీటర్లదైతే పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, హైదరాబాద్‌లో కూడా జరుగుతాయి. వాటి పెద్దన్న ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్, 1891లో మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది, పన్నెండొందల కిలోమీటర్లు, మన దేశం నుంచి కూడా వెళ్తున్నారు. ఆ బాపతు జనం సైకిళ్లకి మడ్‌గార్డ్‌లు కనిపిస్తాయి, హ్యాండిల్‌కి బ్యాగు కనిపిస్తుంది, రాత్రి లైట్లు, మెరిసే కోటు లేకపోతే ఒప్పుకోరు. చూడ్డానికి మున్సిపాలిటీ వర్కర్లలా ఉంటారు. ముప్పై కిలోమీటర్లు వెళ్లి దోసె తిని వచ్చేవాళ్లు మాత్రం ఇటలీ టీమ్‌లా ఉంటారు. నా లెక్కలో ఎంత తక్కువ తొక్కితే అంత మ్యాచింగ్ ఎక్కువ.

మా తమ్ముడు నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్‌లో ఉంటాడు, అక్కడ రైల్వే స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ ఉంది, వీడియో పంపాడు. అన్నీ నిటారుగా కూర్చునే సైకిళ్లే, చైన్ మొత్తం మూసేసి, వెనక చక్రానికి కోటు ఇరుక్కోకుండా అడ్డం పెట్టి, స్టాండు, క్యారియర్‌తో. సూటు వేసుకున్నవాళ్లు, గౌనులు వేసుకున్నవాళ్లు అలాగే ఎక్కి వెళ్లిపోతున్నారు. అక్కడా లైక్రా వాళ్లు ఉన్నారట, కానీ ఆదివారం లైక్రాలో దూసుకెళ్లినాయనే సోమవారం ఇస్త్రీ చొక్కాతో పాత సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తాడట, రెండూ వేరే వేరే పనులు అని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వీడియో చూస్తుంటే నాకు మా నాన్నే గుర్తొచ్చాడు. తెనాలి దగ్గర పల్లెలో స్కూల్ మాస్టారు, తెల్ల పంచె కట్టుకుని పొలం గట్ల రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి వచ్చేవాడు, పంచెకి ఒక్క గ్రీజు మరక ఉండేది కాదు, ఎందుకంటే చైన్‌కి ఫుల్ కేస్, చైన్‌లో నూనె వెయ్యాలంటే దానికి చిన్న మూత ఉండేది, మూత తీసి కోడి ఈకతో వేసేవాడు. మా అక్క జూనియర్ కాలేజీకి లేడీస్ సైకిల్ మీద వెళ్లేది, ఓణీ చక్రంలో పడకుండా వెనక వల. ఇవన్నీ మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నవే. ఇప్పుడు అపార్ట్‌మెంట్ పిల్లలకి కొనిస్తున్న సైకిళ్లు చూడండి, బైక్ టైరంత లావు టైర్లు, ముందు ఒక స్ప్రింగు, మధ్యలో ఒక స్ప్రింగు, రెండు డిస్క్ బ్రేకులు, ఇనుప ఫ్రేమ్, వాడు ఒక తొక్కు తొక్కితే సగం ఆ స్ప్రింగే తినేస్తుంది. స్కూలు బ్యాగు పెట్టడానికి చోటు లేదు, వీపు మీదే. మా మేనల్లుడు రెండు వారాలు తొక్కి వదిలేశాడు, బద్ధకం అని వాళ్ల నాన్న తిడుతున్నాడు, బద్ధకం కాదు బావా, ఆ సైకిల్ నువ్వు తొక్కు ఒకసారి అన్నాను, మాట్లాడ్డం మానేశాడు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచారు, 23 కిలోమీటర్లు, చాలా బాగుంటుంది, కాదనను. కానీ చాలామంది కారు వెనక సైకిల్ కట్టుకుని అక్కడిదాకా వెళ్లి, తొక్కి, మళ్లీ కారులో వస్తారు. అక్కడ మీ షాపు కుర్రాడు చెప్పిన సరంజామా అంతా పనికొస్తుంది. బొటానికల్ గార్డెన్ జంక్షన్‌లో, ఆటోకి బస్సుకి మధ్య, గుంత చూసుకుంటూ కాలు కింద పెట్టాల్సిన చోట క్లీట్లతో ఇరుక్కుంటే పక్కకి పడిపోవడమే.

చెమట గురించి కూడా మీరు అడిగారు. సగం చెమట బ్యాగు వల్ల. వీపు మీద బ్యాగు తీసి క్యారియర్ పక్కన తగిలించే బ్యాగులో వేస్తే ఆఫీసుకి వెళ్లేసరికి చొక్కా మార్చుకునే పని ఏప్రిల్, మే తప్ప ఉండదు, పొద్దున్నే ఎండ ఎక్కకముందు బయల్దేరి మెల్లగా తొక్కితే. ఎంత వేగంగా తొక్కామో చూపించే స్ట్రావా యాప్ పెట్టుకుని ఎవరి రికార్డో కొడదామనుకుంటే మాత్రం తడిసి ముద్దవుతారు. కాటన్ చొక్కా ఒకటి, ఒక తువ్వాలు ఆఫీసు డ్రాయర్‌లో పడెయ్యండి. చైన్ కవర్ లేని సైకిల్ అయితే కుడి కాలు ప్యాంటుకి రబ్బరు బ్యాండు వెయ్యండి, చైన్ ఉండేది అటే.

టైరు కొనేటప్పుడు వాల్వు చూసుకోండి, ఇది స్టైల్ కిందికే వస్తుంది. రోడ్ బైకులకి సన్న వాల్వు ఉంటుంది, ప్రెస్టా అంటారు, మోటార్‌సైకిళ్ల పంక్చర్ షాపులో గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ వందలోపు దొరుకుతుంది, అది జేబులో లేకపోతే కంప్రెసర్ పక్కనే నిలబడి కూడా సైకిల్ తోసుకుంటూ ఇంటికి రావాలి. మోటార్‌సైకిల్ లాంటి వాల్వు ఉన్న ట్యూబ్ పట్టే రిమ్ అయితే ఏ గొడవా లేదు.

ఇరవై, ఇరవై ఐదు వేలలో గేర్లున్న హైబ్రిడ్ తీసుకుని, మడ్‌గార్డ్‌లు, క్యారియర్, స్టాండ్, బెల్, ముందు వెనక లైట్లు బిగించమని బేరం ఆడండి. "సార్, లుక్ పోతుంది" అంటాడు ఆ కుర్రాడు, అననివ్వండి. డబ్బు కట్టే ముందు మాత్రం ఒక్కసారి మీ ఆఫీసు సెక్యూరిటీ వాళ్లని అడగండి సైకిల్ ఎక్కడ పెట్టనిస్తారో. మా పాత ఆఫీసులో స్టాండ్ లేని సైకిళ్లని గోడకి ఆనిస్తే పెయింట్ పోతుందని, పిల్లర్‌కి కడితే ఫైర్ సేఫ్టీ అని, రెండిటికీ ఒప్పుకోక గేటు బయట పెట్టించారు. నాది స్టాండ్ వేసి స్కూటీల వరసలో పెట్టేవాణ్ణి, ఎవరూ ఏమీ అనలేదు.