వేటమాంసం నిజంగా వేటాడి తెచ్చుకోవాలంటే: విల్లు ముందా, తుపాకీ ముందా?

సంక్రాంతికి కోనసీమ వస్తే చాలు, అరుగు మీద కూర్చున్న గంటకే ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. కొడుకు డాలస్‌లో దిగి ఏడాదైందనో, తనకే ఆగస్టులో ప్రయాణమనో మొదలుపెట్టి, "అక్కడ జింకల్ని కొట్టుకోవచ్చంట కదండీ, తుపాకీ కొనమంటారా, విల్లు కొనమంటారా?" అంటారు. మన గోదావరి వైపు వేటమాంసం అంటే ఆదివారం కొట్టించుకునే మేకమాంసమే. ఆ మేకే అక్కడ పౌను పది పన్నెండు డాలర్లు పలికేసరికి అసలైన వేట మీదికి మనసు పోతుంది. టెక్సస్‌లో రెండూ పట్టినవాణ్ణి, రెండింటి మీదా డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి, ఆ తర్వాత నిలదొక్కుకున్నవాణ్ణి. కాబట్టి నా మాట కాస్త చెవిని వేసుకోండి.

హెచ్1బీ మీద, అద్దె అపార్ట్‌మెంట్లో ఉన్నంతకాలం విల్లుతోనే మొదలుపెట్టండి. గ్రీన్‌కార్డు, సొంతిల్లు ఉండి, సాధనకి మాత్రం బొత్తిగా తీరిక లేనివాళ్ళకి తుపాకీ నయం.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, మిగతాది మీరే చూసుకోండి. హెచ్1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. టెక్సస్ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. ఆ మర్నాటికి కొత్తది చేతిలో లేకపోతే బీరువాలో ఉన్న తుపాకీయే మీ మీద కేసు. విల్లుకి ఈ గొడవ లేదు. ఇమిగ్రేషన్ లాయరుకి ఒక్క గంట ఫీజు ఇచ్చి అడగడం ఎంత ఖర్చయినా చవకే.

ఇక డబ్బు. టెక్సస్‌లో వరసగా ఆరు నెలలు కాపురం ఉన్నవాళ్ళకి వేట లైసెన్సు 25 డాలర్లు. లేనివాళ్ళకి 315. విల్లు వేట చేసేవాళ్ళు పైన ఇంకో 7 డాలర్ల ఆర్చరీ ముద్ర తీసుకోవాలి. ఆరు నెలలు ఓపిక పడితే 290 డాలర్లు మిగులుతాయి. నేను పట్టలేదు. మీరు పట్టండి, ఆ ఆరు నెలలూ సాధనకి ఎలాగూ కావాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ అనే కోర్సు చేయాలి. ఇది చదివేవాళ్ళలో దాదాపు అందరూ ఆ లెక్కలోకే వస్తారు.

రెండు ఆయుధాలూ చంపే తీరు వేరు. అది తెలియకే మొదటి కొనుగోళ్ళన్నీ తప్పుతాయి. .308 రకం తూటా గొట్టం దగ్గర సుమారు 2,600 ఫుట్ పౌండ్ల శక్తితో బయల్దేరుతుంది. 50 పౌండ్ల విల్లు, అంటే నారి లాగడానికి 50 పౌండ్ల బలం పట్టేది, 400 గ్రెయిన్ల బాణాన్ని, అంటే దాదాపు 26 గ్రాములని, సెకనుకి 240 అడుగుల వేగంతో వదిలితే వచ్చేది 50 ఫుట్ పౌండ్లు. యాభై రెట్ల తేడా. తూటా దెబ్బ తాకిడికే కణజాలం చితికిపోతుంది. బాణం కోస్తుంది, రక్తం పోయి జంతువు పడిపోతుంది. కాబట్టి విల్లు వేటలో బలం కంటే బ్రాడ్‌హెడ్ (బాణం కొసన కత్తి రెక్కల మొన) పదునూ, అది దూరే చోటూ ముఖ్యం. ముంజేతి మీద వెంట్రుకలు గీయలేని బ్రాడ్‌హెడ్‌ని పొదిలో పెట్టకండి.

నా మొదటి తప్పు 70 పౌండ్ల విల్లు. ఎక్కువ బరువైతే ఎక్కువ బలమని కొన్నాను. కాంపౌండ్ విల్లులో, అంటే కొసలకి కప్పీలున్న విల్లులో, అవి తిరిగాక బరువు తగ్గుతుంది. 80 శాతం లెట్‌ఆఫ్ (అలా తగ్గే వంతు) ఉన్న 50 పౌండ్ల విల్లుని పూర్తిగా లాగాక చేతిలో నిలిచేది 10 పౌండ్లే. కానీ ఆ స్థితికి చేరేదాకా మొత్తం బరువు లాగాల్సిందే. చలిలో రెండు గంటలు కదలకుండా కూర్చున్న భుజం 70 లాగదు. లాగలేక విల్లుని ఆకాశంకేసి ఎత్తి ఈడ్చుకుంటే జింక చూసి పోతుంది. పరీక్ష సులువు: కుర్చీలో కూర్చుని, పాదాలు నేల నుంచి ఎత్తి, విల్లుని గురివైపే ఉంచి నిదానంగా లాగండి. లాగగలిగితే అదే మీ బరువు. చాలా రాష్ట్రాలు జింకకి 35 లేదా 40 పౌండ్లు చాలంటాయి. 45 నుంచి 50 మధ్య మొదలుపెట్టి, బోల్టులు తిప్పి పెంచుకునే వీలున్నది కొనండి.

రెండో తప్పు నారి లాగే పొడవు, అంటే డ్రా లెంగ్త్. షాపులో వేలాడే విల్లు చాలాసార్లు 29 అంగుళాలకి కట్టి ఉంటుంది. మన ఒడ్డూ పొడవులకి అది నప్పదు. గోడకి వీపు ఆనించి చేతులు బార చాచి, వేలి కొస నుంచి వేలి కొస దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. బార 67 అంగుళాలుంటే 27 అంగుళాల డ్రా లెంగ్త్. ఈ కొలత ఊళ్ళో ఉండగానే తీసుకోవచ్చు. రెండంగుళాలు ఎక్కువైతే నారి ముంజేతిని కొడుతుంది, నారిలో ఉండే చూపు కంత (పీప్ సైట్) కంటికి ఎదురుగా రాదు, మెడ వెనక్కి వంగి గురి రోజుకో చోట పడుతుంది. ఆ పొడవు సరిచేసే కప్పీ మాడ్యూల్ మార్చడానికి నాకైన ఖర్చుతో అరడజను బాణాలు వచ్చేవి. కుడిచేతి విల్లా, ఎడమచేతి విల్లా అన్నది కూడా ముందే తేల్చుకోండి. రెండు అరచేతుల మధ్య చిన్న కంతలోంచి దూరాన ఉన్న కొబ్బరికాయని చూస్తూ ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు కాయ కంతలోనే నిలుస్తుందో అదే పెద్ద కన్ను. కళ్ళజోడు వాడేవాళ్ళు కొత్త జతలు కాకినాడలోనో రాజమండ్రిలోనో చేయించుకుని రండి, అక్కడి ధరకీ ఇక్కడి ధరకీ పోలికే లేదు.

బాణాల దగ్గర పిసినారితనం వద్దు. స్పైన్ అంటే కాడ వంగే లెక్క. 28 అంగుళాల ఎడం మీద ఆనించిన కాడకి మధ్యలో 1.94 పౌండ్లు వేలాడదీస్తే 0.400 అంగుళం వంగేది 400 స్పైన్, అర అంగుళం వంగేది 500. 50 పౌండ్లు, 27 అంగుళాల విల్లుకి 500 దగ్గర, 60కి పెంచితే 400 దగ్గర పడుతుంది. షాపు పట్టికలో సరిచూసుకోండి. మెతక కాడ బలమైన విల్లులోంచి వంకర్లు పోతూ వెళ్తుంది. ప్రతిసారీ వేసే ముందు కార్బన్ కాడని రెండు చేతులా పట్టి మెల్లగా వంచి చూడండి. పగులు చప్పుడు వస్తే విరిచి పారేయండి. పగిలిన కాడ వదిలేటప్పుడు విచ్చుకుని అరచేతిలోకి దిగుతుంది. బాణం లేకుండా నారి ఎప్పుడూ వదలకండి. బాణం తీసుకుపోవలసిన శక్తంతా విల్లు చేతులకే తిరిగొచ్చి అవి చీలిపోతాయి, వారంటీ కూడా రాదు.

సాధనలో వాడే రెక్కలు లేని మొన (ఫీల్డ్ పాయింట్), వేటలో వాడే బ్రాడ్‌హెడ్ 100 గ్రెయిన్లే అయినా రెండూ ఒకలా ఎగరవు. బ్రాడ్‌హెడ్ రెక్కలకి గాలి తగులుతుంది. ఆరడుగుల దూరంలో కాగితం కట్టి దాంట్లోంచి వేసి చూడండి. కంత నిండుగా ఉండి, చుట్టూ మూడు ఈకల గీతలే ఉంటే విల్లు సరిగ్గా ఉన్నట్టు. తోకవైపు చిరుగు పైకి పోతే బాణం ఆనే రెస్ట్ కొంచెం ఎత్తాలి, లేదా నారికి బాణం తోక తగిలించే చోటు దించాలి. తేలిక విల్లుకి విచ్చుకునే బ్రాడ్‌హెడ్ కొనకండి, రెక్కలు విప్పుకోవడానికే శక్తి పోతుంది. స్థిరంగా ఉండే రకమే మేలు.

దూరం 20 గజాలు. మొదటి రెండేళ్ళు అంతకి మించొద్దు. బాణం 20 గజాలు పోవడానికి పావు సెకను పడితే నారి చప్పుడు 0.05 సెకనులో జింక చెవిన పడుతుంది. ఉలిక్కిపడి దూకడానికి అది ముందు కిందికి కుంగుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది. 40 గజాలకి అర సెకను, అందులో జింక ఎక్కడికైనా పోగలదు. సెకనుకి 2,700 అడుగులు పోయే తూటాకి ఈ బాధ లేదు. 100 గజాల్లో ఉన్న జింకకి చప్పుడు చేరేలోపే పని అయిపోతుంది.

తుపాకీ సాధన అసలు చిన్నది. చేత్తో గడియ లాగి తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్ తుపాకీ, .243 రకం గానీ 6.5 క్రీడ్‌మూర్ రకం గానీ తీసుకుంటే భుజం తన్ను తక్కువ. ముందు 25 గజాల్లో తూటా గురి కాగితం మీద పడేలా చేసి, తర్వాత 100 గజాల్లో సరిచేయాలి. తుపాకీ మీద గురి చూసే స్కోపు మరని ఒక క్లిక్కు తిప్పితే తూటా పడే చోటు 100 గజాల్లో పావంగుళం జరుగుతుంది. అదే 25 గజాల్లో అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు. ఇది మర్చిపోయి కొత్తవాళ్ళు పెట్టె తూటాలు తగలేస్తారు. గురి నిలవకపోతే మొదట చూడాల్సింది స్కోపు మరలు. స్కోపుకి కన్ను మరీ దగ్గర పెడితే తుపాకీ తన్నుకి కనుబొమ్మ చీలుతుంది. తూటా ఒక్కోటి డాలరున్నర, రెండు డాలర్లు, రేంజి రుసుం వేరు. పిల్లలున్న ఇంట్లో తాళమేసే బీరువా తప్పదు, దానికింకో 150. అదే విల్లయితే గురికి ఒక్క దిమ్మ కొనుక్కుని అవే ఆరు బాణాలు వేలసార్లు వేసుకోవచ్చు. మీ ఊరి మున్సిపల్ నిబంధన చూసుకుని, వెనక గట్టి అడ్డు ఉన్నచోటే వేయండి. జులై నుంచి వారానికి నాలుగు రోజులు, రోజుకి 30 బాణాలు. అలిసిపోయాక వేసే బాణం చెడు అలవాటు నేర్పుతుంది, అప్పుడు ఆపేయండి.

విల్లుకి ఇంకో లాభం కాలం, చోటు. టెక్సస్‌లో తెల్లతోక జింకకి విల్లు కాలం సెప్టెంబర్ ఆఖరునో అక్టోబర్ మొదట్లోనో మొదలై, తుపాకీ కాలానికి ముందు అయిదు వారాల దాకా ఉంటుంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్, కాలిన్ కౌంటీల్లోనూ, గ్రేసన్, రాక్‌వాల్‌లోనూ తెల్లతోక జింకకి విల్లు, క్రాస్‌బో (మీట నొక్కి వదిలే అడ్డవిల్లు) మాత్రమే అనుమతి. భూమిలో 95 శాతానికి పైగా ప్రైవేటుది, లీజుకి అడిగే డబ్బు వింటే కళ్ళు తిరుగుతాయి. అందరికీ తెరిచిన భూముల్లో వేటకిచ్చే 48 డాలర్ల వార్షిక పబ్లిక్ హంటింగ్ పర్మిట్‌తో మొదలుపెట్టండి.

జింక కోసం చెట్టు మీద కట్టిన మంచె ఎక్కడం మనవాళ్ళకి కొత్తేం కాదనుకుంటారు. కొబ్బరి దింపు తీసేవాళ్ళని చిన్నప్పటి నుంచి చూశాం కదా అని పొగరు పడకండి. పడేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. నేల మీద ఉండగానే ఒళ్ళంతా పట్టే హార్నెస్ తగిలించుకుని, చెట్టుకి పైనుంచి కిందిదాకా కట్టిన తాడుకి ముడేసుకుని ఎక్కాలి. విల్లయినా తుపాకీ అయినా చేత్తో పట్టుకుని ఎక్కకండి, తాడు కట్టి పైకి లాక్కోండి, తుపాకీ ఖాళీగా ఉండాలి. 60 డాలర్ల హార్నెస్ దగ్గర ఆదా చేసి ఆసుపత్రి బిల్లు కట్టినవాళ్ళున్నారు.

గాలి సంగతి మనకి తొందరగా ఒంటబడుతుంది. పగలు సముద్రం మీంచి, రాత్రి నేల మీంచి వీచే గాలి తెలిసిన వాళ్ళం. అక్కడ వాగుల పక్కన పొద్దున ఎండకి గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడి పల్లానికి జారుతుంది. జింక వచ్చే దారి మీదికి మన వాసన పోకుండా కూర్చోవాలి. పోపు, అగరొత్తుల వాసన బట్టల్లో దిగిపోతుంది. వేట బట్టలు వంటింటికి దూరంగా, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి. తుపాకీతో 150 గజాల అవతల కొట్టేటప్పుడు ఈ జాగ్రత్తలు కొంత తప్పినా చెల్లుతుంది, 20 గజాల్లో చెల్లదు.

జింక పక్కకి తిరిగి గానీ, కొంచెం అవతలికి తిరిగి గానీ ఉన్నప్పుడే వేయాలి. ముంగాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గుండె, ఊపిరితిత్తులు ఉంటాయి. ఎదురుగా నిలబడినదాన్ని బాణంతో కొట్టకండి. కొట్టాక దిగి పరుగెత్తకండి. గులాబీ రంగు, నురగ ఉన్న రక్తమైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగాలి. ముదురెరుపైతే కాలేయం, మూడు నాలుగు గంటలు. పచ్చదనం, కంపు ఉంటే పొట్ట, ఎనిమిది గంటలు దాటాలి. ముందే తరిమితే పడుకోబోయేది లేచి మైళ్ళు పోతుంది. టెక్సస్ అక్టోబర్ వేడిలో అన్ని గంటలంటే మాంసం పాడైనట్టే, అందుకే అనుమానపు దెబ్బ వేయకపోవడమే మేలు. ఊరికే బాధపడి చచ్చే జంతువు పాపం మనకెందుకు?

ఖర్చు కూడుదాం. విల్లు సెట్టు 500, బాణాలు 80, నారి పట్టి వదిలే రిలీజ్ 60, బ్రాడ్‌హెడ్లు 40, దిమ్మ 80, దూరం కొలిచేది 120, మంచె, హార్నెస్ 200, లైసెన్సు, ఆర్చరీ ముద్ర, పర్మిట్ 80: అటూ ఇటూగా 1,160 డాలర్లు. తుపాకీ దారి కూడా మొదటి ఏడాది దాదాపు అంతే, తేడా రెండో ఏడు నుంచి తూటాల్లో కనపడుతుంది. 42 కిలోల ఆడజింకకి ఎముకలేని మాంసం 16 కిలోల దాకా వస్తుంది, మేక ధరలో 400 డాలర్లు. కోసి పొట్లాలు కట్టేవాడికి 120 పోతుంది, ఆ పని నేర్చుకోండి. వేటమాంసం అమ్మడం నేరం, కాబట్టి ఖర్చు రాబట్టే దారి అది కాదు. మొదటి ఏడు ఒక్కటీ పడదనే లెక్క వేసుకోండి. క్రెడిట్ కార్డు మీద మాత్రం విల్లు కొనకండి.

ఇంకో మాట. మన అడవుల చుక్కల దుప్పినీ, మన ఆంధ్ర రాష్ట్ర జంతువైన కృష్ణజింకనీ 1930ల్లో టెక్సస్ తెచ్చి వదిలారు. అక్కడ వాటికి కాలం పట్టింపు లేదు, ఏడాది పొడుగునా కొట్టుకోవచ్చు, లైసెన్సు మాత్రం ఉండాలి. ప్రైవేటు భూముల్లో అడిగే ధర చూశాకే ఆశపడండి. ఇంటికి కొమ్ములు తెద్దామన్న ఆలోచన వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పాపికొండల్లో విల్లు పట్టి సరదా పడతామన్నా జైలే.

జింక కొవ్వు మైనంలా అంగిలికి అంటుకుంటుంది, దాన్నీ, తెల్లటి పొరనీ పూర్తిగా తీసేయండి. పేగులు తీసిన వెంటనే ఐసుపెట్టెలో పెట్టి 4 డిగ్రీల లోపుకి దించండి, నీళ్ళలో నాననివ్వకండి. కొవ్వు లేని మాంసం కాబట్టి మేక కూరకి వేసే నూనె కంటే రెండు గరిటెలు ఎక్కువ పడుతుంది. చింతచిగురు ఇండియన్ కొట్టులో ఫ్రోజెన్ దొరుకుతుంది.